గోంగూరలో బెల్లం

ఇలా దగ్గరికొచ్చి కూర్చో తల్లీ, ఒక సంగతి చెబుతాను.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను రోజూ ఏదో ఒకటి రాస్తాను. ఇప్పుడు మనిషి పలకకపోతే ఫోనే ఆ మనిషి పేరుతో జవాబిస్తుంది కదా, అందుకే నేనేం రాసినా అన్నీ మెచ్చుకోళ్లే. సొంతంగా రాసి పోట్లాడేది పై అంతస్తు మాణిక్యం ఒక్కతే. ఆమెది గుంటూరు, నాది గోదావరి.

మొన్న ఆమెను ఉడికిద్దామని, "గోంగూర పచ్చడిలో కాస్త బెల్లం పడితేనే రుచి" అని రాశాను. వెంటనే మాణిక్యం పేరుతో జవాబొచ్చింది.

"చాలా చక్కగా చెప్పారు వదినగారూ!"

ఇది మాణిక్యం మాట కాదు, ఫోను మాటే. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం మీద మాణిక్యం జ్వరంతో మూలుగుతోంది. దిండు పక్కన ఫోను మాత్రం అందరికీ శుభోదయాలు పంపుతోంది.

డాక్టరుకు కబురు పెట్టి, నీళ్లు తాగించి, నేను రాసింది చదివి వినిపించాను. మెల్లగా కళ్లు తెరిచింది.

"గోంగూరలో బెల్లమా? మతిగానీ పోయిందా వదినా నీకు?"

"తిట్టవే, ఇంకా తిట్టు" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.

ఆ వారమంతా గ్రూపులో మాణిక్యాన్ని పలకరించని పేరు లేదు. ఆ మెట్లెక్కింది మాత్రం నేనొక్కదాన్నే.

ఇది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పు తల్లీ. ఫోనుచేత చెప్పించకు, వాళ్లింటికి వెళ్లి చెప్పు.