గడ్డపాయన బిళ్ళ

నీళ్ళ ట్యాంకీ దగ్గర ఎవరో ముసలాయన అక్షిత దవడ పట్టి నోరు తెరిపిస్తున్నాడు.

దూరం నుంచి చూసిన సుక్కమ్మ గొర్రెల మందను వదిలేసి మనవరాలి వైపు కదిలింది.

గొర్రెను కొనేవాడే అట్లా పళ్ళు చూస్తాడు. పైగా పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో ఒకటే గోల.

"మల్ల తెరువు బిడ్డా" అంటున్నాడాయన. "తెల్లగున్నయ్... ఎంత తెల్లగున్నయ్!"

జేబులోంచి గడ్డమున్నాయన బొమ్మ ఉన్న ఓ వెండి బిళ్ళ తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

ఆకు చూపి మేకపిల్లను తోలుకుపోవడం సుక్కమ్మకు తెలియని విద్యా?

"దొంగ సచ్చినోడు! నా మనవరాలిని పట్టుకపోతుండు, ఉరికి రాండ్రి!"

ఫ్లోరైడు నీళ్ళకు వంకరపోయిన కాళ్ళతో ఆమె చేరేలోపే పక్కింటి ఎల్లస్వామి, ఇంకో నలుగురు వచ్చిపడ్డారు.

"ఎవలు నువ్వు? ఏ ఊరు?"

ఆయన ఊరు చెప్పలేకపోయాడు. పేరూ చెప్పలేకపోయాడు. ట్యాంకీని చూపిస్తూ నవ్వాడు.

ఆ నవ్వుకు ఎల్లస్వామికి ఒళ్ళు మండింది. ఒక్క తోపు తోశాడు. ముసలాయన తల ట్యాంకీ గద్దెకు కొట్టుకుంది. లేవకపోయేసరికి ఆటోలో వేసి దవాఖానకు పంపారు.

"తాత నన్నేమనలే అవ్వా, పండ్లు చూసిండంతే" అని రాత్రంతా ఏడ్చింది అక్షిత.

తెల్లారి సుక్కమ్మ మనసు ఆగక బిళ్ళ పట్టుకొని దేవరకొండ దవాఖానకు పోయింది.

అప్పటికే ఆయన ప్రాణం పోయింది. ఫోన్లలో ఫొటో చూసి పరుగెత్తుకొచ్చిన కూతురు స్వర్ణ శవాల గది బయట ఒక్కతే కూర్చుని ఉంది.

"బిడ్డా, గిది మీ నాయినదేనా? గీ గడ్డపాయన మీ తాతనా?"

స్వర్ణ బిళ్ళను గుండెకు హత్తుకుంది.

"కాదవ్వా. ప్రఫుల్లచంద్ర రాయ్ అని పెద్ద రసాయన శాస్త్రవేత్త. ఆయన పేరు మీద నాయినకు ఇచ్చిన పతకం. మతి తప్పి నా పేరే మర్చిపోయిండు గని, దీన్ని మాత్రం ఇడువలే."

సుక్కమ్మ నేల చూపులు చూసింది.

"మీ ఊర్లనే కాలు జారి పడ్డడట గద. ఆఖరికి ఏమన్న అన్నడా అవ్వా?"

కాలు జారలేదని చెప్పాలనుంది సుక్కమ్మకు. కానీ గార పళ్ళు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

"తెల్లగున్నయన్నడు బిడ్డా... నా మనవరాలి పండ్లు."

ఏడుస్తూనే స్వర్ణ ముఖం ఒక్కసారి వెలిగింది.

"మీ ట్యాంకీల ఫ్లోరైడు తీసేసే మిషను మా నాయిన చేసిందే అవ్వా, నీళ్ళు మారినంక పుట్టిన పిల్లల పండ్లు ఒక్కసారి చూసొస్తనని రోజూ పోరు పెడుతుండె."