చవగ్గా వచ్చిన క్లచ్

దొంగ సరుకు కొనడం తప్పని యుగంధర్‌కు తెలియక కాదు. సగం ధరకు వస్తున్నప్పుడు తప్పు కూడా సగమే అవుతుందని అతని నమ్మకం.

అతనికి కావలసింది స్నోమొబైల్‌కు, అంటే మంచు మీద నడిపే బండికి, వెనక క్లచ్. మామూలుది కాదు, రోలర్లున్నది. కంపెనీ బిగించే క్లచ్‌లో ప్లాస్టిక్ బటన్లు రాసుకుంటూ జారతాయట, రోలర్లయితే హాయిగా దొర్లుతాయట. వేడి తక్కువ, మంచుకొండ ఎక్కేటప్పుడు పట్టు ఎక్కువ. అన్నీ నిజమే. కాకపోతే మహానుభావుడు కాపురముండేది ఐర్లండ్‌లో. అతని ఊరు లెపర్డ్స్‌టౌన్‌లో పన్నెండు నెలలూ వానే.

కొన్నేళ్ళ కిందట ఒక్కసారి మంచు గట్టిగా పడి మూడు రోజులు ఆఫీసు మూసేశారు. ఆ మూడు రోజుల్లోనే యుగంధర్ సెకండ్ హ్యాండ్ స్నోమొబైల్ కొనేశాడు. బండి ఇంటికి చేరేసరికి మంచు కాస్తా కరిగి కాలవల్లో కలిసింది. అప్పటినుంచి అది పెరటి షెడ్డులో కవరు కప్పుకుని పడుకుంది. ఏటా దసరాకు అతని భార్య అలేఖ్య దాని పక్క మూత తీసి, లోపల పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ మూసేది. యుగంధర్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సీటు మీద కూర్చుని ఫొటో దిగేవాడు. బండి నడపడం అంటే అతనికి తెలిసింది అంతే.

నడవని బండికి పార్టు మీద పార్టు కొంటుంటే పోయిన నెల అలేఖ్య ఓపిక నశించింది.

"ఇంకొక్క పార్టు ఈ గుమ్మం తొక్కిందంటే బండి బయటికి పోతుంది. ఒట్టెయ్."

పదేళ్ళ కూతురు ధరణి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు యుగంధర్. "డాడ్, దేర్స్ నో స్నో!" అంది ధరణి, చెయ్యి తోసేస్తూ.

"అంత క్లచ్ పిచ్చి ఉన్నవాడివి, ముందు మన బండికి ఉన్నదేంటో తెరిచి చూడొచ్చుగా?" అంది అలేఖ్య. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి.

"నీకు తెలీదులే, ఊరుకో," అన్నాడు యుగంధర్. అతను చదివింది కామర్స్.

ఒట్టు వేసిన వారానికే ఆన్‌లైన్‌లో 'పోలార్ బేర్' అనే పేరుతో ఒకడు తగిలాడు. రోలర్ క్లచ్, ఒక్క మైలు కూడా తిరగనిది, నాలుగు వందల యూరోలు. అబ్బ, ఏం పరిజ్ఞానం వాడిది! ఏ స్ప్రింగ్ మెత్తన, ఏది గట్టి, అన్నీ విడమరిచి చెప్పాడు. "ఎంత ఎత్తులో నడుపుతారు?" అని కూడా అడిగాడు. యుగంధర్ తమ షెడ్డు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో కనుక్కుని మరీ రాశాడు.

"మీ బండికి ఇప్పటికే రోలర్లున్నాయేమో, మూత తీసి చూశారా?" అని అడిగాడు పోలార్ బేర్.

"ఎప్పుడో చూశాను. లేవు," అని రాశాడు యుగంధర్, సోఫాలోంచి లేవకుండా.

బిల్లు అడిగితే లేదన్నాడు. కలుద్దామంటే కుదరదన్నాడు. దొంగ సరుకేనని యుగంధర్‌కు ఇట్టే తెలిసిపోయింది. వదిలేశాడా? రామ రామ! "ఇది ఎక్కడిదో గార్డ్స్‌కి చెప్పమంటారా?" అని పోలీసుల పేరెత్తాడు. వాడు నోరెత్తకుండా రెండు వందలకు దిగాడు. దొంగనే దోచినందుకు యుగంధర్ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

శనివారం పొద్దున ఆఫీసులో అర్జెంటు మీటింగని చెప్పి మెయ్‌నూత్ అనే ఊరికి వెళ్ళాడు. అక్కడ అద్దె లాకరులో డబ్బు కవరు పెట్టి సరుకు తీసుకోవాలి. పోలార్ బేర్ పంపిన తాళం నెంబరు 2208. ఎక్కడో విన్నట్టే ఉంది గానీ, ఏ స్ప్రింగుకో సంబంధించిన అంకె అనుకున్నాడు. చుట్టిన ప్లాస్టిక్ కూడా విప్పకుండా, గార్డ్స్ ఉన్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ కారెక్కాడు.

అలేఖ్య వంటింట్లో ఉందని చూసుకుని పిల్లిలా షెడ్డులో దూరాడు. కవరు లాగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ బండి పక్క మూత తీశాడు.

క్లచ్ ఉండాల్సిన చోట ఉత్త ఇనుప కడ్డీ ఉంది.

"అలేఖ్యా! గార్డ్స్‌కి ఫోన్ చెయ్! దొంగలు పడ్డారు! మన క్లచ్ ఎత్తుకుపోయారు!"

అలేఖ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చేస్తాను. మరి ఆ చంకలో ఉన్నదేంటంటే ఏం చెప్పను?"

అది అప్పుడు గుర్తొచ్చి యుగంధర్ ప్లాస్టిక్ చింపాడు. లోపల మూడు రోలర్లు మిలమిలలాడుతున్నాయి. వెనక్కి తిప్పితే ఎండిపోయిన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఒక్క మైలు కూడా తిరగలేదు గనక చెక్కుచెదరలేదు.

"ఇది... మనదే! అంటే మన బండికి ముందునుంచే రోలర్లున్నాయా?"

"ఏటా బొట్టు పెట్టేదాన్ని, నాకు తెలీదా? పార్టు గుమ్మం దాటింది. ఒట్టు ప్రకారం బండి సోమవారం వెళ్ళిపోతుంది."

"బండి సంగతి తర్వాత!" యుగంధర్‌కు ఒళ్ళు మండిపోయింది. "వెధవ, నా ఇంట్లో దొంగిలించి నాకే అమ్ముతాడా? వాణ్ణి వదలను. వాడి లాకరు నెంబరు నా దగ్గరుంది, రెండు రెండు సున్నా ఎనిమిది! దాంతోనే పట్టిస్తాను!"

అలేఖ్య అతని కళ్ళలోకి చూసింది.

"ఆగస్టు ఇరవై రెండు, యుగంధర్. నువ్వు నా మెళ్ళో మూడు ముళ్ళు వేసిన రోజు."