తొలి గుడ్డు

వారం వారం కొంగ గుడ్డు ఏం చెబితే ఊరు అదే తినేది. గుడ్డులో ఫ్యాక్టరీల విషం తక్కువ తేలితే పంచాయతీ గోడ మీద పచ్చదీపం, ఆ వారం ఇళ్ళల్లో చేపల పులుసు. ఎక్కువ తేలితే ఎర్రదీపం, పచ్చడి మెతుకులు. ఎర్రదీపం చివరిసారి వెలిగి పదకొండు వారాలైంది.

ఆ గుడ్లు తెచ్చే పాడు ఉద్యోగం నూకరత్నానిది. కొంగల రెట్టతో జిడ్డోడుతున్న నిచ్చెనెక్కి, కుళ్ళిన చేపల కంపుకి ముక్కు మూసుకుని, గూట్లో చెయ్యి పెట్టింది.

కింద పడవలోంచి ల్యాబ్ సారు అరిచాడు.

"చుక్క పెట్టిందే తియ్యి! అది మొదట పెట్టిన గుడ్డు."

"ఏదైతే ఏంటండీ?"

"తల్లి ఒంట్లో పేరుకున్న విషం ముందు తొలి గుడ్డులోకే దిగిపోద్ది. తర్వాతవాటికి అంత ఉండదు. మనుషులైనా అంతే."

చెబుతూనే సారు టిఫిన్ డబ్బా విప్పుకున్నాడు.

అరచేతిలో గుడ్డు వెచ్చగా ఉంది. నూకరత్నం దిగొచ్చి దాన్ని సారుకిచ్చింది. ఎలాగో ఇల్లు చేరి, పెరట్లో కూలబడి పసరు దాకా కక్కేసింది.

అత్త ఆదెమ్మ మురిసిపోతూ వచ్చి వీపు నిమిరింది.

"తొలిచూలు కదే, ఇలాగే ఉంటది. మలిచూలుకి ఇంత ఉండదులే."