ఆజం భాయ్ వైద్యం

“ఇంకా ఎర్రగనే పోతున్నది భాయ్,” అన్నాడు సంసోను, చుట్టూ చూసి గొంతు తగ్గించి.

ఆజం నవ్వు ఆపుకోలేక మందుల అరల వైపు తిరిగాడు. అశ్వారావుపేటలో ఇరవై ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాడు. డాక్టరు చదువు లేదు గానీ, డాక్టర్లకు లేని తెలివి తనకుందని గట్టి నమ్మకం.

“ఎర్రగ గాక పాలలెక్క పోతదా? పొద్దంత పామాయిల్ గెలలు కోసుడు, సందేలైతే గుడుంబ కాడ పడుడు. పదేండ్లు తాగితివి. నీ మూత్రం సంచి ఏమన్న ఇనుముతోని చేసిండ్రారా?”

“మానేసి నెలాయె భాయ్. ఏసయ్య తోడు, ఒక్క చుక్క ముట్టలే.”

“ఆయన్నెందుకు లాగుతవ్ మధ్యల? తాగేటప్పుడు అడిగి తాగినవా?”

ఆజం బల్ల అద్దం కింద ఉన్న పేపరు ముక్క మీద వేలితో కొట్టాడు. తాగుడు వల్ల మూత్రాశయానికి క్యాన్సర్ రావచ్చని ఎవరో రాసిన వార్త. “చదువు. మల్ల చదువు.”

సంసోను చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. తాగుడు మానినవాళ్లు ఒళ్లు చేస్తారు, వీడేమో చొక్కాలో ఈదుతున్నాడు. బెంగతో చిక్కిపోయాడు వెధవ, అనుకున్నాడు ఆజం.

“ఖమ్మం పెద్ద దవాఖానల చూపిచ్చుకుంట భాయ్. పోయినసారి పోతనంటె నువ్వే వద్దంటివి.”

“ఇప్పుడు గూడ వద్దనే అంటున్న. పాత విషం పోవద్దా? ఇంకో నెల ఓపిక పట్టు. ఆడికి పోతే పైపులు పెట్టి చూస్తరు. తట్టుకునే దమ్ముందా నీకు?”

సంసోనుకు ఆ దమ్ము లేదు. “మా ఇంటామె విశ్రాంతకు చెప్పకు భాయ్, ఏడుస్తది,” అని నడుం పట్టుకుని మెల్లగా వెళ్లిపోయాడు.

అతడు మలుపు తిరిగాక ఆజం కడుపారా నవ్వుకున్నాడు. థూ, ఈ తాగుబోతుల ధైర్యం ఇంతే! సంసోనుకు తెలియని సంగతి ఒకటుంది. నెల కిందట అతడి భార్య విశ్రాంతమ్మ ఇక్కడే నిలబడి ఏడిస్తే, ఆజం ఆమె చేతిలో గుప్పెడు గోలీలు పెట్టాడు. మూత్రం మంటకు ఇచ్చేవి. వేసుకుంటే మూత్రం ఎర్రబడుతుంది. “రోజుకొకటి నూరి కూరల కలుపు చెల్లె. భయపెట్టేది నేను చూసుకుంట,” అన్నాడు. నాలుగో రోజుకే మొనగాడు పరుగెత్తుకొచ్చాడు! ఆ ముచ్చట ఇంట్లో చెప్పి ఆజం పడీ పడీ నవ్వితే, భార్య ఖతీజా మాత్రం నవ్వలేదు. మనిషి ప్రాణంతో ఆటలేమిటని విసుక్కుంది. ఆడవాళ్లకు ఇలాంటి వైద్యం ఎక్కడ తెలుస్తుందిలే అని అతడు ఊరుకున్నాడు.

మధ్యాహ్నం విశ్రాంతమ్మే షాపుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“అన్నా, మా ఆయన తాగుడు బందు చేసిండు. మొన్న ఆదివారం చర్చిల అందరి ముందల సాక్ష్యం చెప్పిండు!”

“చూసినవా చెల్లె నా వైద్యం?” ఆజం ఛాతీ పొంగింది. “భయం మంచిగనే పట్టింది. ఇగ చాలు, గోలీలు ఆపెయ్. పాపం, మనిషి బాగ బెదిరిండు.”

విశ్రాంతమ్మ తల దించుకుంది.

“కోపం చెయ్యకుండ్రి అన్నా. తినే కూరల మందు కలపనీకె నాకు చేతులు రాలే. ప్రార్థన చేస్కుంట కూసున్న. ఆ గోలీలన్నీ పొయ్యిల పడేసిన.”

“పడేస్తే పడేసినవ్ తీ, పని అయిపాయె గద,” అన్నాడు ఆజం నవ్వుతూ. “ఎప్పుడు పడేసినవ్?”

“మీరిచ్చిన నాడే.”