సీతారావమ్మ గారి గరిట

నాలుకకు తగిలితే చాలు, ఒంట్లో జింకు ఎంతుందో చెప్పే గరిటలు ఇంటింటికీ వచ్చేశాయి. ఎవరి గరిట వారిదే. అత్తగారు సీతారావమ్మ జింకు మాత్రం హారికకు అంతుపట్టలేదు. పప్పు వండిన రోజు పెరుగుతుంది, చారు పెట్టిన రోజు అడుగంటుతుంది. నెలరోజులుగా మాత్రలు మింగిస్తూనే ఉంది. ఇక ఆసుపత్రిలో చేర్చమంది గరిట.

ఇవాళ హారిక పక్కనే నిలబడి చూసింది. అత్తగారు గరిటతో చారు తీసి, అరచేతిలో పోసుకుని రుచి చూశారు.

"గరిట నోట్లో పెట్టుకోరా, అత్తయ్యా?"

"ఎంగిలి గరిట మళ్లీ గిన్నెలో ఎలా ముంచనే?"

"మరి ఇన్నాళ్లూ మీరు మాత్రలు మింగింది చారు కోసమా?"

గరిట కడిగి, బతిమాలి ఆవిడ నాలుక మీద పెట్టింది.

"కొత్త మనిషి," అంది గరిట. "సీతారావమ్మ గారు ఎక్కడ?"

ఇద్దరూ చారుగిన్నె వైపు చూశారు.