జత పెన్సిలు

బాన్సువాడ బస్టాండు ఎదుట, పెన్నులు బాగుచేసి వాటి మీద పేర్లు చెక్కే డబ్బా దుకాణం ముందు హరనాథబాబు మాస్టారు ఆగారు. "నా పెన్ను అయిందా?"

దుకాణదారు వెల్వెట్ పెట్టె ఆయన ముందుంచాడు. మాస్టారు మూత తీశారు. పెన్ను పక్కనే, పద్నాలుగేళ్ల కిందట, 1969లో పోయిన జత పెన్సిలు! తిప్పితే ముల్లు బయటికొచ్చే బంగారు పూత పెన్సిలు!

"ఇదెక్కడ దొరికింది?"

"మీ పెట్టెలనే ఉన్నది సార్. వెల్వెట్ కింది అట్ట లేపితే కనవడ్డది."

నలభై పెన్ను-పెన్సిలు జతలు పోగేసిన మాస్టారు, పెట్టె పాడవుతుందని ఏనాడూ ఆ అట్ట కదపలేదు.

"పద్నాలుగేళ్లు నా దగ్గరే ఉందా! ఇలాంటి జత జిల్లాలో ఇంకెవరికీ లేదయ్యా!"

పెన్సిలును వెలుతురుకి తిప్పి చూశారు. ఆయన ముఖం మాడిపోయింది. బంగారు పూత మీద సన్నటి అక్షరాలు: "ధన్‌సింగ్ దొంగ కాదు."

"ఎవడ్రా నువ్వు? నా జతను నాశనం చేశావు!"

"నేనే సార్, ధన్‌సింగ్‌ను. ఆరో తరగతిల గీ పెన్సిల్ కోసమే, బడంత చూస్తుండంగ మీరు నన్ను గుంజకు కట్టేసి కొట్టిండ్రు. మల్ల బడి మొకం చూడలే. ఇయ్యాల్టికీ అందరు నన్ను దొంగ ధన్‌సింగ్ అనే పిలుస్తరు."

మాస్టారు గోటితో అక్షరాలను గీకసాగారు.

"గోకితే పోదు సార్," అన్నాడు ధన్‌సింగ్, చెక్కే సూది తుడుచుకుంటూ. "మీరు నాకు పెట్టిన పేరును నేను గూడ శాన గోకి చూసిన."