ఇరవై బారల తాడు

మునిగిపోయిన దీవులను చూపించే విహార నౌక అది. దీవితోపాటు మునిగిపోయిన భర్త నీలయ్య వర్ధంతి రోజున, ఆయనకిష్టమైన నెత్తళ్ల చేపల పులుసు, అన్నం ఇంటి మీది నీళ్లలో వదలాలని పైడమ్మ ఎక్కింది. ఒకప్పటి పొరుగువాడు ఎర్రన్న కూడా తోడొచ్చాడు.

"మీ దీవి ఇదేనండీ," అన్నాడు గైడు. అద్దపు నేల కింద కొబ్బరిచెట్లు, పెంకుటిళ్లు కనిపించాయి. ఎర్రన్న తన గుమ్మం కనిపించినచోట అద్దాన్ని తడుముతూ ఏడ్చాడు.

తమ ఇంటి మీద ఏడు బారల నీళ్లున్నాయని చేపల వేటకెళ్లే సొంత తమ్ముడు పైడమ్మకు చెప్పాడు. ఆమె ఓడ అంచుకెళ్లి, రాయి కట్టిన తాడును నీళ్లలోకి వదులుతూ బారలు లెక్కపెట్టింది. ఇరవై బారల తాడూ అయిపోయింది. రాయి నేలకు తగల్లేదు.

"అద్దంలోది ఉత్త బొమ్మే గదా బాబూ? నిజం సెప్పు, మా దీవి యేదీ?"

గైడు గొంతు తగ్గించాడు. "అది మీ దీవి మీద ఎప్పుడో తీసిన వీడియో మామ్మా. అక్కడ అలలు ఎక్కువ. ఓడ ఇప్పుడు అటు పోదు."

వెనక నుంచి ఎర్రన్న కేకేశాడు. "అప్పా, రాయి తగిలిందేటి?"

పైడమ్మ తాడు పైకి లాగింది.

"తగిలింది తమ్ముడా," అంటూ గిన్నె తెరిచి, అన్నం నీళ్లలో వదిలింది.